89 యూరోల గైడు కన్నా 17 యూరోల బస్సు నయం: బాస్క్ కొండల్లో మా తిరుగుడు

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఉన్న బిల్బావోలో దిగి కొండ ఎక్కాలనుకునేవాళ్లు ఈ ఒక్క మాట వినండి. "చిన్న బృందం, స్థానిక గైడు, గొర్రెల కాపరి ఇంట భోజనం" అని ఇంటర్నెట్‌లో ఎవరు అమ్మినా కొనకండి. మనిషికి 89 యూరోల చొప్పున మా ఆయనా నేనూ 178 యూరోలు కట్టాం. "వదినా, ఆ డబ్బుతో మీరిద్దరూ నాలుగు ఆదివారాలు ఇక్కడి కొండలెక్కే క్లబ్బు బస్సులో తిరగొచ్చు" అన్నాడు మా మరిది, తీరా డబ్బు కట్టేశాక. వాడు ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు, ఊరి లెక్కలన్నీ వాడికి కంఠతా వచ్చు.

వెళ్లాల్సింది గోర్బెయాకి. బిస్కాయా, ఆలవా జిల్లాల సరిహద్దులో ఉన్న 1482 మీటర్ల కొండ. శిఖరం మీద పెద్ద ఇనుప శిలువ ఉంటుంది. అంతకు ముందు నిలబెట్టినవి గాలికి కూలిపోతే, ఇప్పుడున్నదాన్ని 1907లో కట్టారట. దాని కింద ఫొటో దిగాలని మా ఆయన కొత్త చొక్కా కూడా కొన్నాడు. తొమ్మిదికి రావాల్సిన వ్యాను తొమ్మిదీ నలభైకి వచ్చింది. "చిన్న బృందం" అంటే పదిహేను మంది. పాగొమకుర్రే దగ్గర దించి, గంటన్నర నడిపించి, అర్రాబా పచ్చిక మైదానం దగ్గర గైడు ఆగిపోయాడు. పైన మంచు కమ్మిందనీ, వెనక్కి వెళ్దామనీ అన్నాడు. అటువైపు నుంచి పదేళ్ల పిల్లలతో కుటుంబాలు దిగి వస్తున్నాయి, వాళ్ల మొహాల మీద ఎండ. మా ఆయన ఆ పిల్లల్ని చూపించి అడిగితే భుజాలు ఎగరేశాడు.

ఇక భోజనం. కాపరీ లేడు, ఇల్లూ లేదు. కాగితంలో చుట్టిన బ్రెడ్డు, మధ్యలో పంది మాంసం. నేను గుడ్డు తింటాను, మాంసం ముట్టనని బుకింగ్‌లోనే రాశాను. గైడు నా చేతిలోంచి బ్రెడ్డు తీసుకుని, మాంసం ముక్కలు తన వేళ్లతో ఏరేసి, నవ్వుతూ మళ్లీ నాకే ఇచ్చాడు! ఆ పూట అరటిపండుతో గడిపాను. డబ్బు వాపసు అడిగితే, వాతావరణానికి తమ పూచీ లేదని నాలుగు రోజులకు జవాబొచ్చింది. మా ఆయన రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఊళ్లో తిరగడానికి ఇబ్బందేమీ లేదు. 3 యూరోల బారిక్ కార్డు కొంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ పనికొస్తుంది. పాత బస్తీలో గది రోజుకు 74 యూరోలు, శుభ్రంగా ఉంది. గుగ్గెన్‌హైమ్ మ్యూజియం బయటి నుంచే ఎక్కువ అందం.

ఆదివారం క్లబ్బు బస్సు ఉదయం ఏడింటికి అన్నారు, ఏడింటికే కదిలింది. పరిగెత్తుకుంటూ వచ్చిన ఒకావిడ కోసం కూడా ఆగలేదు. సభ్యులు కానివాళ్లకు బస్సు 17 యూరోలు, ఆ ఒక్క రోజుకు బీమా 4. ఇద్దరికీ కలిపి 42. నా పక్కన డెబ్బై దాటిన పెద్దాయన కూర్చున్నాడు, ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడట. మా మరిది వెనక సీట్లోంచి మెడ చాపి మాట మాటకూ తెలుగు చెబుతుంటే, దారి పొడవునా ఆయన క్లబ్బుల కథే చెప్పాడు.

గనులూ కొలుములూ పొగ కక్కే బిల్బావోలో గుమాస్తాలూ కార్మికులూ ఆదివారం వస్తే గాలి కోసం కొండల మీదికి పోయేవాళ్లు. 1912లో పుట్టిన క్లబ్ దెపోర్తీవోలో ఆంచోన్ బాంద్రెస్ అనే ఆయన దీన్ని పోటీగా మార్చాడు, నిర్ణయించినన్ని శిఖరాలు ఎక్కినవాళ్లకు బహుమతి. మరి నిజంగా ఎక్కారని రుజువేమిటి? పైన పేరూ క్లబ్బూ రాసిన చీటీ వదిలి రావాలి, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని తీసుకెళ్లి ఆ క్లబ్బుకు పోస్టు చేయాలి. శిఖరాల మీద పోస్టు డబ్బాలు అలా వెలిశాయి. 1924 మే 18న ఎల్గెటా అనే చిన్న ఊళ్లో క్లబ్బులన్నీ చేరి సమాఖ్య పెట్టుకున్నాయి, మొదటి అధ్యక్షుడు ఆ బాంద్రెసే. రెండేళ్లకు 'పిరెనాయికా' పత్రిక మొదలైంది. అదిప్పటికీ వస్తోంది. వంద శిఖరాల పోటీ కూడా ఇంకా ఉంది. పెద్దాయన దాన్ని ఎప్పుడో పూర్తి చేశాడు, ఆ బ్యాడ్జీ టోపీకి పెట్టుకునే తిరుగుతున్నాడు.

స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలం దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. బాస్క్ జెండా నిషేధం, బడిలో బాస్క్ మాట్లాడితే దెబ్బలు. కొండ మీదికొస్తే మాత్రం వినేవాడు లేడు. బాస్క్ పాటలు ఆయన నేర్చుకున్నది అక్కడేనట. ఆ జెండాకు మళ్లీ అనుమతి వచ్చింది 1977లో. మూడేళ్లకే, 1980 మే 14న, ఇక్కడి ఎర్నానీ ఊరి కుర్రాడు మార్టిన్ సబలేటా పాసంగ్ తెంబా షెర్పాతో కలిసి ఎవరెస్టు ఎక్కి అక్కడ ఆ జెండా ఎగరేశాడు. 1974లో ఒక బ్యాటరీల కంపెనీ డబ్బుతో వెళ్లిన మొదటి జట్టు పైదాకా పోలేక దిగొచ్చిందట. ఆ కంపెనీ బ్యాటరీ పేరే, చిమిస్ట్, ఆ యాత్రకూ పెట్టారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన పద్నాలుగు శిఖరాలూ 2010లో పూర్తి చేసిన ఎదుర్నే పసాబన్‌ది కూడా ఇక్కడి తొలోసా ఊరే. మా ఆయనకు ఇక్కడ ఉత్సాహం వచ్చింది. తనది నిజామాబాద్. 2014లో పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణది తమ జిల్లాయేనని చెప్పాడు. పెద్దాయన టోపీ తీసి పేరు మళ్లీ చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నాడు. గోర్బెయా తర్వాత మా ఆయన నవ్వడం అదే మొదలు.

బస్సు అరాంత్సాసు గుడి దగ్గర ఆగింది. 1950లో మొదలుపెట్టిన కొత్త చర్చి ఇది. ఇనుప తలుపులు శిల్పి చిలీదా చేశాడు. ముఖద్వారం పైన మరో శిల్పి ఒతెయ్‌సా చెక్కిన అపొస్తలులు పద్నాలుగు మంది, పన్నెండు కాదు. చర్చి పెద్దలకు నచ్చక పని ఆపిస్తే ఆ రాతి విగ్రహాలు ఏళ్ల తరబడి రోడ్డు పక్కనే పడి ఉన్నాయట, 1969లో గానీ పైకెక్కలేదు. చూడటానికి అరగంట చాలు, కానీ ఆ అరగంట తప్పనిసరిగా పెట్టుకోండి.

అక్కణ్నుంచి బీచ్ అనే జాతి చెట్ల అడవిలో గంట పైన నడిస్తే ఉర్బియా మైదానం. గుర్రాలు, లాచా అనే ఇక్కడి జాతి గొర్రెలు, ఒక చిన్న గుడి, ఒక పూటకూళ్ల ఇల్లు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు ఇక్కడే ఆగారు, ఎవరూ చులకనగా చూడలేదు. మిగతావాళ్లం ఐస్కోర్రికి, 1528 మీటర్లు. చివరి భాగం నిలువు సున్నపురాయి, తడిస్తే జారుతుంది. మామూలు స్పోర్ట్స్ షూతో వచ్చినవాళ్లు అవస్థ పడ్డారు. జట్టులో ఒకతను అందరికన్నా వెనక నడవాలని నియమం. నేను ఎక్కడ ఆగితే అతనూ అక్కడ ఆగి, నా వంక చూడకుండా పూలు చూస్తున్నట్టు నటించాడు. ఆ మర్యాదకు ఎంతిచ్చినా తక్కువే.

పైన గుడిగోడకు ఆనుకుని భోజనాలు. ఎవరి డబ్బా వాళ్లదే, కానీ అందరి డబ్బాలూ మధ్యకే. నాకు మాంసం కుదరదని తెలియగానే బంగాళదుంపల ఆమ్లెట్టు సగం నా ముందుకు జరిపారు. ఇడియాసాబల్ జున్ను, వాల్‌నట్లు, వెనిగర్‌లో ఊరిన ఇబర్రా పచ్చిమిరపకాయలు. మిరపకాయలు కరకరలాడతాయి గానీ కారం సున్నా. నా వంతుగా చపాతీల్లో గోంగూర పచ్చడి రాసి ఇచ్చాను. మొదటి ముక్కకు ఇద్దరు దగ్గారు, ఆ తర్వాత నాకు సీసా అడుగే మిగిలింది.

సాయంత్రం ఒన్యాతిలో అరగంట ఆపారు, కాఫీ 1.60. ఎనిమిదికల్లా బిల్బావో.

వెళ్లదలిస్తే ఈ పద్ధతి పాటించండి. క్లబ్బు ఆఫీసులు ఎక్కువగా సాయంత్రాలే తెరుస్తారు. మేం వెళ్లిన చోట ఏడు నుంచి తొమ్మిది. గురువారంలోపు పేరు రాయించి డబ్బు నగదుగా ఇవ్వాలి, ఈమెయిల్‌కు జవాబు కోసం కూర్చుంటే సీట్లు అయిపోతాయి. ఇంగ్లీషు తక్కువ, స్పానిష్ వచ్చినవాళ్లు ఒకరుంటే మేలు. బూట్లు మంచివి వేసుకోండి, నీళ్లు రెండు లీటర్లు. ఏడాది చందా 38 యూరోలు, మా మరిది ఆ సోమవారమే కట్టేశాడు. క్లబ్బు బొమ్మ ఉన్న టీషర్టు కూడా 12 యూరోలకు అమ్ముతారు. అది మాత్రం వద్దు, రెండు ఉతుకులకే వెలిసిపోయింది.