ఫోను ఆనిస్తే చాలు, మెషిన్ ఒప్పుకుంటే

బెంగళూరులో ఫోనును స్వైపింగ్ మెషిన్‌కు ఆనించి బిల్లు కట్టడం కొన్నేళ్ళుగా అలవాటైంది నాకు. పని చేస్తుందా అంటే బ్రహ్మాండంగా చేస్తుంది. కాకపోతే ఎక్కడ చేయాలో తేల్చేది మన ఫోను కాదు, కౌంటర్ అవతల కూర్చున్నవాళ్ళు. ఈ సమీక్షంతా దాని గురించే అనుకోండి.

నాది గూగుల్ పే ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోను. అందులో ఒక క్రెడిట్ కార్డు, ఒక డెబిట్ కార్డు ఎక్కించుకున్నాను. ఉండేది మారతహళ్ళి పక్కన, తిరిగేది ఎక్కువగా వైట్‌ఫీల్డ్ వైపు. ఐఫోను ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆపిల్ పే 2014లో అమెరికాలో మొదలై పదేళ్ళు గడిచినా మన దేశానికి రాలేదు. లక్ష రూపాయల ఫోను చేతిలో పెట్టుకుని పర్సు తీసే మా ఆఫీసు మిత్రులను చూస్తే నాకు కాస్త సంతోషమే.

చాలామంది దీన్నీ, క్యూఆర్ స్కాన్‌నీ ఒకటే అనుకుంటారు. రెండూ గూగుల్ పేలోనే ఉండటం వల్ల వచ్చిన తికమక అది. స్కాన్ చేస్తే యూపీఐ ద్వారా బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోతుంది. అందుకు మన ఫోన్లో నెట్ ఉండాలి, పిన్ కొట్టాలి. ఆనించేది ఎన్ఎఫ్‌సీ, అంటే దగ్గరగా ఉన్న రెండు పరికరాలు రేడియో తరంగాలతో మాట్లాడుకునే పద్ధతి. ఇక్కడ మన ఫోను ఒక కార్డులా నటిస్తుంది. 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద, నాలుగు సెంటీమీటర్ల లోపు దూరంలో, ఆ లావాదేవీకి మాత్రమే పనికొచ్చే ఒక కోడ్‌ను మెషిన్‌కు అందిస్తుంది. ఆ క్షణంలో మన ఫోనుకు సిగ్నల్ అక్కర్లేదు, మెషిన్‌కు ఉంటే చాలు. ఈ ఒక్క గుణం కోసమే నేను దీన్ని వదల్లేదు. మా వైపు సూపర్‌మార్కెట్లు సగం బేస్‌మెంట్లలో ఉంటాయి. ఆదివారం సాయంత్రం అక్కడ బిల్లింగ్ లైన్లో జనం ఫోన్లు పైకెత్తి సిగ్నల్ కోసం తిరుగుతుంటారు, గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ నిలబడతారు, డబ్బు కట్ అయిందా లేదా అని కౌంటర్ అమ్మాయితో వాదిస్తుంటారు. నేను లాక్ తీసి ఆనిస్తాను, బీప్ వస్తుంది, సంచీ తీసుకుని వచ్చేస్తాను. పెద్ద ఆసుపత్రుల కింది అంతస్తుల్లోని మందుల షాపుల్లోనూ ఇంతే హాయి. అయితే ఫోనును రోజుల తరబడి నెట్ లేకుండా ఉంచితే కుదరదు. ఆ కోడ్‌ల కోసం ఫోను ముందే కొన్ని రహస్య సంకేతాలు దించి పెట్టుకుంటుంది. అవి అయిపోతే కొత్తవి తెచ్చుకోవడానికి నెట్ కావాలి.

మొదలుపెట్టేవాళ్ళు ముఖ్యంగా చూసుకోవాల్సింది బ్యాంకు యాప్‌లో ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల మీద కాంటాక్ట్‌లెస్, అంటే గీకకుండా ఆనించి కట్టే సౌకర్యం ఆపేసి ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. గూగుల్ పేలో కార్డు చక్కగా ఎక్కుతుంది, ఓటీపీ వస్తుంది, అంతా పచ్చగా కనిపిస్తుంది, తీరా షాపులో ఆనిస్తే 'డిక్లైన్డ్' అంటుంది. మా ఫ్లాట్లలో ఇద్దరు ముగ్గురు ఇక్కడే విసిగిపోయి వదిలేశారు. బ్యాంకు యాప్‌లో ఆ మీట నొక్కి, రోజుకు ఎంత దాకా అన్నది పెట్టుకుంటే సరిపోయేది. పిన్ లేకుండా పోయే మొత్తం మొదట్లో రెండు వేలు, 2021 జనవరి 1 నుంచి ఐదు వేలు. అది దాటితే మెషిన్ కార్డు పిన్ అడుగుతుంది. యూపీఐ పిన్ కాదు, కార్డు పిన్. ఏళ్ళుగా కార్డు గీకనివాళ్ళకు ఆ నాలుగంకెలు గుర్తుండవు. పండక్కి బట్టలు కొనే ముందు ఒకసారి గుర్తు చేసుకుని వెళ్ళండి.

ఇక కౌంటర్ దగ్గర జరిగే తంతు. 'కార్డ్' అంటాను. 'కొడి సార్' (ఇవ్వండి సార్) అని చెయ్యి చాపుతుంది అమ్మాయి. ఫోను చూపిస్తాను. 'స్కానా?' అని క్యూఆర్ బోర్డు ముందుకు తోస్తుంది. కాదమ్మా, కార్డే, ఫోన్లో ఉంది అంటాను. నా కన్నడం వినగానే చాలాసార్లు అవతలి మనిషి తెలుగులోకి దిగుతుంది. కోలారో చింతామణో అయి ఉంటుంది. 'ఫోన్లో కార్డెట్ల ఉంటుందన్నా?' అంటుంది. మెషిన్‌లో అమౌంట్ కొట్టించి, ఆనించి చూపిస్తే చీటీ బయటికొస్తుంది, పక్క కౌంటర్ అబ్బాయి కూడా తల తిప్పి చూస్తాడు. ఇదే షాపుకు మళ్ళీ వెళ్తే మనిషి మారి ఉంటుంది. మళ్ళీ మొదటి నుంచి అదే పాఠం.

తప్పు వాళ్ళది కాదు. 2020 జనవరి నుంచి యూపీఐకీ, రూపే డెబిట్‌కూ దుకాణదారు బ్యాంకుకు కట్టాల్సిన రుసుము సున్నా. నా క్రెడిట్ కార్డు మీద అయితే నూటికి రూపాయిన్నర, రెండు రూపాయల దాకా అతని జేబులోంచి పోతుంది. నేను ఫోను ఆనించినా, ప్లాస్టిక్ కార్డు గీకినా అతనికి ఒకటే ఖర్చు. కిలో కందిపప్పు మీద వచ్చే లాభమెంతని? అందుకే చిన్న కిరాణాల్లో మెషిన్ ఉన్నా 'ఛార్జింగ్ లేదు సార్' అంటారు. ఒక ఎలక్ట్రికల్ షాపాయన అయితే 'కార్డయితే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా' అని మొహం మీదే చెప్పాడు. ఆయన మాట నాకు నచ్చలేదు, లెక్క మాత్రం అర్థమైంది. 2025 జులైలో పరిస్థితి ఇంకో మలుపు తిరిగింది. యూపీఐ లెక్కలు చూసి రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపడంతో, ఊరంతా క్యూఆర్ బోర్డులు తీసేసి 'నో యూపీఐ, ఓన్లీ క్యాష్' కాగితాలు అంటించారు. ఆ కొద్ది రోజులూ ఫోను ఆనించడం సంగతి దేవుడెరుగు, టీ కొట్టు దగ్గర చిల్లర కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

కాబట్టి నా వాడకం దానంతటదే సర్దుకుంది. సూపర్‌మార్కెట్, మందుల షాపు, పెద్ద హోటల్, పెట్రోలు బంకు: ఇక్కడ ఫోను ఆనిస్తాను. బంకులో మెషిన్‌ను బండి దగ్గరికే తెస్తారు కనుక అక్కడ మరీ సులువు. కొబ్బరిబొండాం, పూలు, ఆటో, కిరాణా అన్నీ స్కానే. రెండొందల లోపు వాటికి, ముందే కొంత డబ్బు వేసి ఉంచుకునే యూపీఐ లైట్ పెట్టుకున్నాను. పిన్ అడగదు. 2024 చివర్లో దాని పరిమితి ఒక్కో చెల్లింపుకు వెయ్యి రూపాయలు చేశాక చిన్న ఖర్చులన్నీ అటే పోతున్నాయి. ఆనించడంలో ఉన్న వేగం గొప్పతనం దాంతో కొంత తగ్గిందని ఒప్పుకోవాలి.

ఆనించడంలోనూ ఒక ఒడుపు ఉంది. కొన్ని మెషిన్లకు తెర మీద, కొన్నింటికి తెరకు పైన, కొన్నింటికి పక్కన ఉంటుంది ఆ నాలుగు గీతల అలల గుర్తు. ఫోన్లో యాంటెన్నా ఎక్కువగా వెనకవైపు పైభాగంలో, కెమెరాల కిందుగా ఉంటుంది. ఆ రెండూ కలిసేలా పెట్టి ఒక క్షణం కదపకుండా ఉంచాలి. తాకించి లాగేస్తే పోదు. స్కూటర్ హోల్డర్ కోసం కవరు లోపల ఇనుప రేకు అంటించుకున్నవాళ్ళకు ఇది అసలు పనిచేయదు, ఆ రేకు సిగ్నల్‌ను మింగేస్తుంది. ఫోను కవరులో మెట్రో కార్డు దాచుకునే అలవాటు మన ఊళ్ళో సగం మందికి ఉంది కదా, అదీ గొడవే. మెషిన్‌కు ఒకేసారి రెండు కార్డులు కనిపించి 'ఒక్క కార్డే చూపండి' అని మొండికేస్తుంది.

ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఫోన్లో ఉండేది మన అసలు కార్డు నంబరు కాదు, దాని బదులుగా ఈ ఫోనుకే ఇచ్చిన టోకెన్ నంబరు. చీటీ మీద పడే చివరి నాలుగంకెలూ ఆ టోకెన్‌వే. ఒక బట్టల షోరూంలో చొక్కా వాపసు ఇవ్వబోతే, నా చేతిలోని కార్డు అంకెలు బిల్లుతో కలవలేదని మేనేజరు దాకా వెళ్ళింది వ్యవహారం. గూగుల్ పేలో కార్డు మీద నొక్కితే ఆ టోకెన్ చివరి అంకెలు కనిపిస్తాయి, అవి చూపించాక ఒప్పుకున్నారు. డబ్బు అసలు కార్డు ఖాతాకే తిరిగొచ్చింది. ఇప్పుడు వాపసు ఇవ్వాల్సి రావచ్చు అనుకున్నవాటికి ప్లాస్టిక్ కార్డే ఇస్తున్నాను.

అదే టోకెన్ వల్ల భద్రత విషయంలో దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. కార్డు నంబరు షాపువాడికి తెలియదు, హోటల్లో బేరర్ కార్డు పట్టుకుని లోపలికి పోయే పనీ లేదు. బస్సు రద్దీలో ఎవడో మెషిన్ తెచ్చి జేబుకు ఆనిస్తాడన్న భయం ప్లాస్టిక్ కార్డు విషయంలో ఊరికే కొట్టిపారేయలేం కానీ, లాక్ వేసిన ఫోనుతో అది కుదరదు. ఫోను పోతే దూరం నుంచే లాక్ చేసి, టోకెన్ తీసేయించవచ్చు. కార్డు మార్చే పని ఉండదు. నా ఫిర్యాదల్లా బ్యాటరీ గురించే. చార్జింగ్ అయిపోతే ఇంక చేసేదేమీ లేదు.

పాత ముచ్చట ఒకటి. 2017లో సామ్‌సంగ్ పే మన దేశంలోకి వచ్చినప్పుడు, కార్డు గీకే పాత మెషిన్లతో కూడా పనిచేసేది. కార్డు వెనక నల్లపట్టీ పుట్టించే అయస్కాంత సంకేతాన్నే ఫోను పుట్టించేది. నా రూమ్మేట్ దగ్గర ఆ ఫోను ఉండేది. గీకే గాడి పక్కన ఫోను పెట్టి బిల్లు కట్టేస్తే హోటలువాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. తర్వాతి ఫోన్లలో ఆ ఏర్పాటు తీసేశారు. మెషిన్లన్నీ మారిపోతుంటే అవసరం లేదనుకున్నారేమో, నాకు మాత్రం ఇప్పటికీ బాధే.

పర్సు ఇంట్లో వదిలేసే రోజు ఇంకా రాలేదు. లండన్ మెట్రోలో 2014 నుంచే బ్యాంకు కార్డో ఫోనో నేరుగా గేటుకు ఆనించి లోపలికి పోతున్నారు. మన నమ్మ మెట్రో గేటు దగ్గర నా గూగుల్ పే కార్డు పనిచేయదు. క్యూఆర్ టికెట్టో, మెట్రో కార్డో లాంటిది ఏదో ఒకటి ఉండాల్సిందే. హిందూపురం నుంచి వచ్చిపోయే మా నాన్నకైతే ఫోన్లో కార్డు ఎక్కించనే లేదు. ఆయన డెబిట్ కార్డులోనే ఆ అలల గుర్తు ఉంది. కాంటాక్ట్‌లెస్ పరిమితి రోజుకు వెయ్యి రూపాయలు పెట్టి చేతికిచ్చాను. మందుల షాపులో ఆనిస్తున్నారు, చీటీ అడిగి మరీ తీసుకుంటున్నారు.