కోనసీమలో మంచి స్కాచ్ విప్పాలంటే రిసార్టు వద్దు

మా బావ ఎడిన్‌బరోలో ఉంటాడు. ఈసారి సెలవుకు వస్తూ అక్కడి కాడెన్‌హెడ్స్ షాపులో 82 పౌండ్లు పెట్టి కల్ ఈలా అనే స్కాచ్ విస్కీ సీసా తెచ్చాడు. కాడెన్‌హెడ్స్ 1842 నాటి సంస్థ. రకరకాల డిస్టిలరీల పీపాలు కొని తన లేబుల్‌తో సీసాల్లో నింపుతుంది. మాది క్యాస్క్ స్ట్రెంత్, అంటే నీళ్లు కలిపి 40కో 43కో దించకుండా పీపాలో ఎంత ఘాటుంటే అంతే నింపింది. ఆల్కహాల్ 56.8 శాతం. రంగు కోసం కారమెల్ కూడా వెయ్యలేదు, అందుకే లేత గడ్డిరంగులో ఉంది.

దిండిలో గోదారి ఒడ్డున ఒక రిసార్టులో దిగాం. గది రాత్రికి 4,800. సొంత సీసా తెచ్చుకున్నందుకు ఇంకో 1,000 అన్నారు, కట్టాం. ఇచ్చింది ప్లాస్టిక్ గ్లాసులు! బావ అటు తిరిగి ఫోన్ మాట్లాడేలోపు కుర్రాడు అన్నిట్లో నిండా ఐసు వేసి సోడా కొట్టేశాడు. చిల్ ఫిల్టర్ చెయ్యని, అంటే బాగా చల్లబరిచి వడకట్టని విస్కీ కదా, చల్లబడి పలచనయ్యేసరికి మసకబారింది. అది దాని సహజ గుణం. మేనేజరు వచ్చి గ్లాసు ఎత్తి చూసి, "రంగే లేదు సార్, డూప్లికేటేమో చూసుకోండి" అన్నాడు. బావ మొహం మాడిపోయింది. రాత్రి భోజనానికి కూడా రాలేదు. డబ్బు తీసుకున్నవాళ్లు "ఎలా పొయ్యమంటారు" అని ఒక్క మాట అడగొద్దా?

మర్నాడు అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం బాగా జరిగింది. ఆ రోజు సీసా ముట్టలేదు.

తర్వాత రాజోలు దగ్గర కొబ్బరితోటలో ఒక ఇంట్లో దిగాం. గది 1,800, భోజనం వేరే. మేం అడక్కముందే ఆ ఇంటావిడ, "గాజు గ్లాసులు కడిగి పెట్టానండి, కాచిన నీళ్లు కూడా ఉన్నాయండి" అన్నారు. బావ మొహం అప్పుడు వెలిగింది.

ముందు నీళ్లు లేకుండా తలా కొంచెం పోసుకున్నాం. ముక్కు దగ్గర పెట్టగానే చుర్రుమంది, వెనకే కొబ్బరి డొక్కలు కాల్చినట్టు పొగ వాసన. స్కాట్లండ్‌లోని ఐలా దీవిలో చేసే ఈ విస్కీకి మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు) పొగలో ఆరబెడతారు, ఆ పొగే ఇది. తర్వాత అర చెంచా నీళ్లు వేశాం. ఘాటు తగ్గి నిమ్మతొక్క వాసన, నాలుక మీద ఉప్పదనం, చివర్లో సన్నటి తీపి తేలాయి. మామూలుగా కూల్‌డ్రింకు లేకుండా తాగని తమ్ముడు ఆ గ్లాసుతోనే గంట కూర్చున్నాడు.

నంజుకోడానికి రొయ్యల వేపుడు (320) వద్దు, కారం విస్కీని మింగేస్తుంది. ఉప్పు, పసుపు, కాస్త మిరియం పట్టించి వేయించిన పండుగప్ప ముక్కలు (450) అడగండి. అంతకన్నా మంచి జోడీ లేదు.

వచ్చే సంక్రాంతికి అదే గది ఇప్పుడే చెప్పి పెట్టాం. పండక్కి కోనసీమలో గదులు దొరకవు, వెళ్లేవాళ్లు ముందే మాట్లాడుకోండి, గ్లాసుల సంగతి కూడా ఫోన్లోనే అడగండి.