‘నాటికల్ సైన్స్ డిగ్రీ’కి డబ్బు కట్టేముందు ఆ అనుమతి పత్రం రెండో పేజీ చదవండి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లను నేలకూల్చిన దగ్గర్నుంచి నాన్నకు తోట మీద ఆశ పోయింది. అందుకే తమ్ముడు ఇంటర్ ఎంపీసీ అయ్యాక ఇంజనీరింగ్ వద్దు, మర్చంట్ నేవీకి వెళ్తానంటే ఇంట్లో అందరం సరేనన్నాం. మా వైపు ఓడల మీద పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు, కొత్త సంగతేం కాదు.

విశాఖలో ఒక సంస్థ మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్, అంటే ఓడ నడిపే ఆఫీసర్ల చదువు, అంది. ఎంట్రన్స్ రాయక్కర్లేదు, చివర్లో షిప్ గ్యారంటీ. అన్నీ కలిపి 4 లక్షల 80 వేలు. కౌన్సెలర్ నాన్న చేతులు పట్టుకుని, "బాబాయ్, అబ్బాయిని నాకు అప్పజెప్పండి, ఆఫీసర్‌ని చేసి పంపిస్తాను" అన్నాడు. నాకు అనుమానం వచ్చి డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు, నావిక శిక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉందా అని అడిగాను. వెంటనే ప్లాస్టిక్ ఫైలులోంచి జెరాక్స్ తీసి చూపించాడు. మూడు సింహాల ముద్ర, ఫైలు నంబరు, సంస్థ పేరు అన్నీ ఉన్నాయి. అది చూసి తలూపాను. కాగితం వెనక ఇంకో కాగితం పిన్ను కొట్టి ఉంది, అది తిప్పలేదు. నా తప్పు అక్కడే జరిగింది.

ఏడాది గడిచింది. మా ఊరి సెకండ్ ఆఫీసర్ ఒకాయన సెలవు మీద వచ్చి తమ్ముణ్ణి ఒకే ఒక్క మాట అడిగాడు, "ఐఎంయూ సెట్‌లో ర్యాంకెంతరా?" నాటికల్ కోర్సుల్లో చేరడానికి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ (ఐఎంయూ) పెట్టే ప్రవేశ పరీక్ష అది. వాడు ఆ పరీక్షే రాయలేదు. ఆయన ముఖం చూశాక నాకు కాళ్లు వణికాయి. హాల్ టికెట్ తీసి చూస్తే వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ దూరవిద్య బీఎస్సీ. అందులో నాటికల్ అనే మాటే లేదు.

మర్నాడు విశాఖ వెళ్లి ఆ ఫైలు మళ్లీ అడిగి తీసుకున్నాను. రెండో పేజీలో అనుమతి ఉన్న కోర్సుల పేర్లున్నాయి. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స వంటి బేసిక్ సేఫ్టీ కోర్సులు, అంతే. ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ నావిక శిక్షణ నిబంధనల ప్రకారం ఓడ ఎక్కే ప్రతివాళ్లూ చేయాల్సినవే, కానీ కొద్ది రోజుల్లో అయిపోతాయి. వాటితో కేడెట్ (ఓడ మీద శిక్షణలో ఉండే కాబోయే ఆఫీసరు) కాలేరు. అంటే ఆ కాగితం దొంగది కాదు. మేం డబ్బు కట్టిన కోర్సుకు మాత్రం అది వర్తించదు. ఇలాంటి మోసం పట్టుకోవడం అందుకే కష్టం. మొదట నాకు తెలిసిన ఒక వకీలు కూడా చూసి "కాగితం బాగానే ఉందే" అన్నారు.

అసలు దారి ఇది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీని 2008లో పార్లమెంటు చట్టంతో పెట్టారు. ప్రధాన కార్యాలయం చెన్నైలో, ఒక క్యాంపస్ మన విశాఖలోనే ఉంది. మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్‌కైనా, ఏడాది డిప్లొమాకైనా ఐఎంయూ సెట్ రాయాలి. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీకీ అదే. ఇంటర్ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌లో కలిపి 60 శాతం, పదో తరగతిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. ఎంట్రన్స్ లేదన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి. రంగులు సరిగా కనిపించని వాళ్లను డెక్ వైపు, అంటే ఓడ నడిపే విభాగంలోకి, తీసుకోరు, కాబట్టి డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టరు దగ్గర కంటి పరీక్ష ముందే చేయించుకోండి. మా వాడి దగ్గర ఒక్కరూ ఆ ఊసే ఎత్తలేదు.

డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. సంస్థ పేరు కనిపిస్తే చాలనుకోవద్దు, మీరు చేరే కోర్సు పేరు ఆ సంస్థకు ఎదురుగా ఉండాలి. రసీదు కూడా చదవండి. మా రసీదుల మీద కాలేజీ పేరు లేదు, ‘కన్సల్టెన్సీ చార్జీలు’ అని ఉంది. అందులోనే ‘షిప్ జాయినింగ్’ పేరుతో లక్షా ఇరవై వేలు. ఓడ ఉద్యోగాలిప్పించే ఏజెంటుకు ఆర్‌పీఎస్‌ఎల్ అనే, నావికుల నియామకానికి డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. లైసెన్సున్నా సరే, ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఈ సంగతి ముందే తెలిసుంటే నాన్న ఆ లక్షా ఇరవై వేలకి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టేవాడు కాదు.

పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. మిగతా ఫీజు కడితేనే ఇస్తామన్నారు. పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చాక మూడో రోజున తిరిగిచ్చారు. ఎవరైనా ఇలా ఇరుక్కుంటే ముందు సర్టిఫికెట్లు తెచ్చుకోండి, డబ్బు గొడవ తర్వాత. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకు ఫీజు లేదు. మేం వేశాం, నడుస్తోంది.

తమ్ముడు ఇప్పుడు ఐఎంయూ సెట్‌కి చదువుతున్నాడు. భుజాల మీద పట్టీలున్న ఆ తెల్ల యూనిఫాం మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు. అదే సంస్థవాళ్లు ఈ నెలలో మా పక్క ఊళ్లో కరపత్రాలు పంచి వెళ్లారట. మీ ఇంటికీ వస్తే, పిల్లల ముందు మొహమాటపడకుండా ఆ ఫైలు అడిగి, పిన్ను తీసి, రెండో పేజీ మీరే చదవండి.