ఏసీ కట్టేసి వెళ్లడమా, నడుస్తుండగా వదిలి వెళ్లడమా: ఏది మేలు?

ఎండలు ముదిరితే చాలు, ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. పగలంతా ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏసీ కట్టేయాలా, ఒకే డిగ్రీ మీద నడుస్తూ ఉండనివ్వాలా? చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఇదే మాట హీటింగ్ గురించి అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే రెండు రకాల సలహాలు విని ఉంటారు. ఆపేస్తే గోడలు వేడెక్కి, మళ్లీ చల్లబరచడానికి రెట్టింపు కరెంటు కాలుతుందని ఒకరు చెబుతారు. మనుషుల్లేని గదికి చల్లదనం దేనికని ఇంకొకరంటారు.

ముందు వేడి లెక్క తేల్చేద్దాం, ఇందులో సందేహం లేదు. బయట 35 డిగ్రీలు, లోపల 25 ఉంటే తేడా 10. ఆ తేడాకు తగ్గట్టు గోడలు, పైకప్పు, కిటికీల గుండా వేడి లోపలికి వస్తూనే ఉంటుంది, ఏసీ దాన్ని బయటికి తోడుతూనే ఉండాలి. ఆపేశాక గది 31కి చేరిందనుకోండి, తేడా 4కు తగ్గింది. లోపలికి వచ్చే వేడి కూడా సుమారు 40 శాతానికి పడిపోతుంది. చిల్లి కుండ నిండుగా ఉన్నప్పుడు జోరుగా కారి, ఖాళీ అయ్యేకొద్దీ సన్నబడినట్టే ఇదీ. గోడలు పట్టి ఉంచిన వేడిని మీరు వచ్చాక తీయాల్సిందే. అయినా ఆ మొత్తం, రోజంతా గదిని 25 దగ్గర నిలపడానికి తోడాల్సిన వేడి కంటే తక్కువే. ఎండ నేరుగా పడే పైకప్పు ఉంటే అంకెలు మారతాయి కానీ ఫలితం తిరగబడదు. అమెరికా ఇంధన శాఖ కూడా, రోజుకు 8 గంటలపాటు థర్మోస్టాట్‌ను, అంటే ఇంటి ఉష్ణోగ్రతను నిర్ణయించే మీటను, 4 నుంచి 5.5 డిగ్రీల మేర సడలిస్తే ఏసీ, హీటింగ్ ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా ఆదా చేయవచ్చని చెబుతుంది.

అయితే ఇది వేడి లెక్కే. బిల్లు వచ్చేది కరెంటుకు. ఒకే మొత్తం వేడిని తోడడానికి మిషను ఒక్కో స్థితిలో ఒక్కోలా కరెంటు తీసుకుంటుంది. అందుకే నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ఆపి ఉంచిన గంటలు కాదు, మీరు తిరిగొచ్చాక ఇల్లు మళ్లీ దారికి వచ్చే ఆ గంట. ఆ గంటలో పని చేసేది ఏ మిషను, ఎలా చేస్తుంది అన్నది చూసుకుంటే జవాబు దొరుకుతుంది.

పాతరకం ఏసీలకు, అంటే ఇన్వర్టర్ లేనివాటికి, జవాబు తేలిక. వాటి కంప్రెసర్ నడిస్తే పూర్తి జోరుతో నడుస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆగి మొదలైన ప్రతిసారీ మొదటి కొన్ని నిమిషాలు చల్లదనం సరిగా రాకుండానే కరెంటు పోతుంది. రోజంతా వదిలేస్తే ఇలా మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. తిరిగొచ్చాక ఏకబిగిన నడిస్తే అది దానికి అనువైన స్థితి. కట్టేసి వెళ్లండి.

ఇన్వర్టర్ ఏసీ సంగతి వేరు, దాని కంప్రెసర్ అవసరాన్ని బట్టి వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూ నడుస్తుంది. సగం జోరులో, అంతకంటే తక్కువలో నడిచేటప్పుడే అది ఒక్కో యూనిట్‌కు ఎక్కువ చల్లదనం ఇస్తుంది. వేడెక్కిన ఇంటిని అందుకోవడానికి పూర్తి వేగంతో నడిస్తే ఆ సామర్థ్యం తగ్గుతుంది. కాబట్టి ఆపి మిగిల్చిన దానిలో కొంత తిరిగొచ్చాక పోతుంది. కొంతే, మొత్తం కాదు. గంటసేపు బజారుకు వెళ్లొచ్చేటట్టయితే ఆపినా ఆపకపోయినా చెప్పుకోదగ్గ తేడా రాదు. ఎనిమిది, పది గంటలైతే ఆపడం వైపే మొగ్గు. వచ్చీరాగానే 16కి దించడం మాత్రం వద్దు. గది 25కి చేరేదాకా ఏసీ ఎలాగూ జోరుగానే నడుస్తుంది. 16 అని పెట్టడం వల్ల అవసరం తీరాక కూడా ఆగకుండా నడుస్తుంది, అంతే.

ఇంతవరకూ ఆపేవాళ్లదే పైచేయి. నేను పూర్తిగా వాళ్ల పక్షాన నిలబడలేకపోవడానికి కారణం తేమ.

ఉక్కపోత ఉండే చోట ఏసీ చల్లబరచడంతో పాటు గాలిలోంచి నీటిని కూడా తీస్తుంది. లీటరు నీటిని తీయాలంటే సుమారు 0.68 యూనిట్ల వేడిని అదనంగా తోడాలి. ఏసీ కట్టేసిన ఇంట్లోకి బయటి తేమ సందుల్లోంచి చేరుతుంది, దాన్ని పరుపులు, బట్టలు, చెక్క సామాను, పుస్తకాలు పీల్చుకుంటాయి. మీరు వచ్చి ఏసీ వేశాక గాలి త్వరగానే 25కి దిగుతుంది. ఆ వస్తువులు పట్టుకున్న తేమ మాత్రం గంటల తరబడి వదులుతూనే ఉంటుంది. గోడ మీద అంకె సరిగ్గానే ఉన్నా ఒళ్లు జిడ్డుగా ఉంటుంది కాబట్టి మనిషి చేయి రిమోట్ మీదికి పోయి 22, 21 అంటూ దించుకుంటూ వస్తుంది. పగలంతా మిగిల్చినది ఆ రాత్రికి కరిగిపోతుంది. పైగా గాలిలో తేమ ఎక్కువకాలం 60 శాతం దాటి ఉంటే బూజు పట్టే ప్రమాదం పెరుగుతుంది.

అందుకే తేమ ప్రాంతాల్లో ఇన్వర్టర్ ఏసీ ఉన్నవాళ్లకు నేను చెప్పేది మధ్యేమార్గం: కట్టేయకండి, 28కో 29కో సడలించి వెళ్లండి. వేడి రాక తగ్గుతుంది, తేమ అదుపులో ఉంటుంది, వచ్చాక అందుకోవాల్సింది కూడా కొద్దిగానే ఉంటుంది. ఫ్యాన్‌ను ఆటోలో ఉంచండి. కంప్రెసర్ ఆగినప్పుడు కూడా లోపలి ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాయిల్ (ఏసీ లోపలి చల్లటి గొట్టాల చుట్ట) మీద పేరుకున్న నీరు మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. పొడి వేడి ఉండే ప్రాంతంలో ఈ చింతేమీ లేదు, నిశ్చింతగా ఆపేసుకోవచ్చు.

చలికాలంలోనూ తూకం ఇదే, కాకపోతే తేమ స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. బయటి వేడిని ఇంట్లోకి తోడే హీట్ పంప్ మామూలుగా ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు. కొన్నిటిలో సాయంగా కరెంటు హీటర్ కూడా ఉంటుంది, అది యూనిట్‌కు యూనిటే ఇస్తుంది. ఇల్లు బాగా చల్లబడ్డాక ఒక్కసారిగా ఆరేడు డిగ్రీలు పెంచమంటే ఆ సాయం హీటర్ అందుకుంటుంది, ఆదా అక్కడితో సరి. ఇలాంటి వ్యవస్థ ఉన్నవాళ్లు రెండు డిగ్రీలకు మించి తగ్గించకపోవడం మంచిది. తగ్గిస్తే, వచ్చే టైముకు ముందునుంచే కొద్దికొద్దిగా పెరిగేలా టైమర్ పెట్టుకోవాలి. గ్యాస్ మండించి ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌కు ఈ బెడద లేదు, ధారాళంగా తగ్గించుకోవచ్చు. నేలలో పైపులు పరిచిన హీటింగ్ వేడెక్కడానికే గంటలు పడుతుంది కాబట్టి దాన్ని రోజువారీగా కదపకపోవడమే నయం. గడ్డకట్టే చలిలో మాత్రం ఏదైనా సరే పూర్తిగా కట్టేయకూడదు. 12, 13 డిగ్రీల దగ్గరైనా ఉంచకపోతే నీటి పైపులు పగిలే ప్రమాదం ఉంది.

స్మార్ట్ థర్మోస్టాట్ కొనాలా అని కూడా అడుగుతుంటారు. పైన చెప్పిన పని మీరు మరిచిపోయినా అది మరిచిపోదు, దాని ఉపయోగం అంతవరకే. సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే ఏసీని మరో రెండు డిగ్రీలు పైన పెట్టుకోవచ్చు. గదిలో ఎవరూ లేకపోతే ఫ్యాన్ వృథా.

ఏ పద్ధతి ఎంచుకున్నా మిషను శుభ్రంగా లేకపోతే పోలికే తప్పవుతుంది. మూసుకుపోయిన ఫిల్టర్ తీసి శుభ్రమైనది పెడితే ఏసీ వాడే కరెంటు 5 నుంచి 15 శాతం దాకా తగ్గవచ్చు. రోజూ వాడే కాలంలో ఫిల్టర్‌ను కనీసం నెలకొకసారి, దుమ్ము ఎక్కువుంటే పదిహేను రోజులకొకసారి కడగండి. కట్టేసి వెళ్లే అలవాటున్నవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. తడి కాయిల్‌తో మిషను ఆగి ఉంటే వాసన పట్టేది అక్కడే. వెళ్లేముందు పది, పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి ఆరనివ్వండి. ఆ తేమ కొంత గదిలోకి వస్తుంది, నిజమే, కానీ కాయిల్‌లో బూజు పెరగడం కంటే అది మేలు.

తిరిగొచ్చాక గది దారికి రావడానికి ఎంతసేపు పడుతోందో ఒక కన్నేసి ఉంచండి. బయట ఎండ మామూలుగానే ఉండగా ఆ సమయం పెరుగుతూ పోతుంటే ముందు ఫిల్టర్ చూడండి. అది శుభ్రంగానే ఉంటే అవుట్‌డోర్ యూనిట్‌కు ఆకులు, దుమ్ము అడ్డుపడ్డాయేమో చూడండి. అదీ సరిగ్గా ఉంటే అప్పుడు మెకానిక్‌ను పిలవండి. గ్యాస్ తగ్గిందని చెబితే లీకు ఎక్కడుందో కనిపెట్టి మూశాకే నింపమనండి. ఏసీలో గ్యాస్ వాడకం వల్ల తరిగిపోదు, తగ్గిందంటే ఎక్కడినుంచో కారుతున్నట్టే.