వందేభారత్‌లో మూడేళ్ళు: బెజవాడ దాకా ముందుకు, ఆ తర్వాత వెనక్కి

2023 సంక్రాంతి రోజు, జనవరి 15న, సికింద్రాబాద్–విశాఖ వందేభారత్‌కు పచ్చజెండా ఊపారు. నేను మొదటిసారి ఎక్కింది ఫిబ్రవరిలో. అమ్మ రాజమండ్రిలో ఉంటుంది, నేను తార్నాకలో. నెలకోసారి, పండగలుంటే రెండుసార్లు ఈ రైల్లోనే వెళ్ళొస్తున్నాను. రానూ పోనూ కలిపి డెబ్బై ప్రయాణాలు దాటే ఉంటాయి. కొత్త మోజులో రాసిన పొగడ్తలు చదివాను, ఒక్కసారి ఎక్కి దిగి పెట్టిన తిట్లూ చదివాను. నాకు ఆ మోజూ ఆ కోపమూ రెండూ తీరిపోయాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు టైము సంగతి. మధ్యాహ్నం మూడింటికి సికింద్రాబాద్‌లో కదులుతుంది. రాత్రి తొమ్మిదికి అటూ ఇటుగా రాజమండ్రిలో దిగుతాను. అంతకుముందు నా బండి గోదావరి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఎక్కితే అర్ధరాత్రి దాటాక దించేది. మెలకువ రాదేమోనని ఫోన్లో మూడు అలారాలు పెట్టుకుని పడుకునేవాణ్ణి, అంటే అసలు పడుకునేవాణ్ణే కాదు. అక్కడ అమ్మ కూడా వీధి లైటు వేసుకుని కూర్చునేది. "నువ్వు పడుకోవే, నేను తలుపు కొడతాను" అంటే వినేది కాదు. ఇప్పుడు తొమ్మిదింపావుకి ఆటో ఇంటి ముందు ఆగుతుంది, అమ్మ కంచం పెడుతుంది, ఇద్దరం కలిసి తింటాం. గంటలు లెక్కేస్తే మిగిలింది రెండో, రెండున్నరో. నాకు మాత్రం ప్రతి నెలా ఒక రాత్రి మొత్తం మిగులుతోంది. టికెట్ 1,300 పైచిలుకు. ఖరీదే. స్లీపర్ క్లాసులో వెళ్ళే రోజులతో పోలిస్తే చాలా ఖరీదు. అయినా మళ్ళీ మళ్ళీ కొంటున్నది ఆ కంచం కోసమే.

ఇక వేగం. బోగీలో తెర మీద వేగం కనిపిస్తూ ఉంటుంది. కాజీపేట లోపే 130 చూపిస్తుంది. మొదటి నెలల్లో జనం ఆ తెరకు ఫొటోలు తీసేవాళ్ళు, పిల్లలు "నూట ఇరవై ఎనిమిది, నూట ముప్ఫై!" అని అరిచేవాళ్ళు. కానీ విశాఖ దాకా దాదాపు 700 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు. భాగహారం చేస్తే సగటు 82. ఇదే రకం రైలు రాజస్థాన్‌లోని కోటా దగ్గర ట్రయల్స్‌లో 180 అందుకుంది. అంటే మనం కొన్న బండి సామర్థ్యం వేరు, మనకు దక్కుతున్న వేగం వేరు. మలుపులు, వంతెనలు, గూడ్సు బండ్లు, ఊళ్ళ మధ్యలోంచి వెళ్ళే పట్టాలు అన్నీ కలిసి దాన్ని లాగి పట్టుకుంటాయి. దీన్ని హైస్పీడ్ రైలు అని పిలిచేవాళ్ళతో నేను వాదించడం మానేశాను. అది త్వరగా వేగం అందుకునే రైలు. ఆ తేడా తెలిశాక నిరాశ పోయింది.

త్వరగా అందుకోవడం ఎలాగంటే, దీనికి విడిగా ఇంజన్ లేదు. ఒక బోగీ వదిలి ఒక బోగీ కింద మోటార్లుంటాయి. మొదట్లో ఉన్న పదహారు బోగీల్లో ఎనిమిది తమంతట తాము నడిచేవే. ముందున్న ఒక్క ఇంజను మొత్తం బరువును లాగడం వేరు, సగం బోగీలు కలిసి తోసుకుపోవడం వేరు. మన రైలు రెండో తరం వందేభారత్. సున్నా నుంచి వంద కిలోమీటర్లకు 52 సెకన్లు అని లెక్క. ఖమ్మంలో కదిలినప్పుడు చేతిలో టీ కప్పు ఉంటే ఆ లెక్క ఒంటికి తెలుస్తుంది: టీ ఒకవైపు వాలుతుంది, ప్లాట్‌ఫారం అయిపోతుంది, అప్పుడే పొలాలు. పాత బండిలో అయితే కదలగానే ముందు గొలుసు లాగినట్టు ఒక కుదుపు, తర్వాత ఇంకోటి. ఇందులో ఆ కుదుపు లేదు. బ్రేకు వేసినప్పుడు కూడా అంతే, ఆగిందని బయట చూస్తే గానీ తెలియదు. నాలుగు ఆగుళ్ళతో మొదలైన బండికి తర్వాత సామర్లకోట, ఏలూరు కూడా కలిశాయి. ఆగిన ప్రతిచోటా పోగొట్టుకునే నిమిషాలు తక్కువ కాబట్టే ఇది సాధ్యమైంది.

ఈ బండి వంశవృక్షం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అందులో మన హైదరాబాద్ ఉంది. మద్రాసు పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో సుధాంశు మణి జనరల్ మేనేజర్‌గా ఉన్నప్పుడు, ఏడాదిన్నరలో దాదాపు వంద కోట్లతో మొదటిది తయారైంది. 2018లో బయటికొచ్చింది కాబట్టి ట్రైన్–18 అన్నారు. 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ–వారణాసి మధ్య పరుగు మొదలుపెట్టింది. ఆ మొదటి రైలును నడిపించే విద్యుత్ వ్యవస్థ ఇచ్చింది హైదరాబాద్ కంపెనీ మేధా సర్వో డ్రైవ్స్. ఒకే పట్టా మీద రెండు రైళ్ళు ఎదురుపడితే వాటంతటవే ఆగిపోయేలా చేసే 'కవచ్' ఉంది చూశారా, దాని ట్రయల్స్ కూడా ఇక్కడే, వికారాబాద్ వైపు పట్టాల మీద జరిగాయి. 2022 మార్చిలో రైల్వే మంత్రి స్వయంగా ఇంజన్లో కూర్చుని గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య పరీక్షించింది అదే. రైల్లో పక్కసీటాయనకు ఇది చెబితే "అవునా, నేను మొత్తం జపాన్ నుంచి తెచ్చారనుకున్నాను" అన్నాడు.

ఇప్పుడు బెజవాడ. ఈ మార్గంలో కొత్తగా ఎక్కేవాళ్ళకు ఎవరూ చెప్పని విషయం ఇది. కాజీపేట వైపు నుంచి వచ్చే లైనూ, విశాఖ వైపు వెళ్ళే లైనూ విజయవాడ స్టేషన్‌కు ఒకే వైపు కలుస్తాయి. అందుకని వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ రోజుల్లో ఇంజన్ విప్పి అవతలి చివర ఇంజన్ తగిలించేదాకా దిగి, టీ తాగి, ఇడ్లీ పొట్లం కట్టించుకుని వచ్చేవాళ్ళం. వందేభారత్‌కు రెండు కొసలా డ్రైవర్ గదులున్నాయి కదా, అవతలి కొస నుంచి నడిపిస్తే సరి. అయిదు నిమిషాల్లో బండి కదులుతుంది. ఇడ్లీ పోయింది, టైము వచ్చింది.

అయితే సీట్లు మాత్రం కదలవు. ఛైర్ కార్‌లో సగం సీట్లు ఇటు, సగం అటు చూస్తుంటాయి, మధ్యలో బల్ల. సికింద్రాబాద్ నుంచి ముందుకు చూస్తూ దర్జాగా వచ్చినవాడు బెజవాడ దాటగానే వెనక్కి ప్రయాణిస్తుంటాడు. "ఇదేంటండీ, మళ్ళీ హైదరాబాద్ తీసుకెళ్తున్నాడా?" అని కంగారుపడినవాళ్ళను కనీసం పదిమందిని చూశాను. ఒకావిడ ఏకంగా బ్యాగు దించుకుని లేచి నిలబడింది. ఎగ్జిక్యూటివ్ క్లాసులో సీటును చుట్టూ తిప్పుకోవచ్చు, దానికి దాదాపు రెట్టింపు టికెట్. వెనక్కి వెళ్తే కడుపులో తిప్పేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, బెజవాడకు ముందే తినిపించేయండి, లేదా పూర్తిగా ఆపండి. నేను మా అబ్బాయితో నేర్చుకున్న పాఠం, వివరాలు వద్దు.

సీటు గురించి. మొదటి రెండేళ్ళూ నా నడుము దీన్ని తిట్టుకుంటూనే ఉంది. వెనక్కి వాలేది నామమాత్రం, మెత్త గట్టిగా, ఆరు గంటలు కూర్చుంటే దిగేటప్పుడు ముసలివాడిలా నడిచేవాణ్ణి. మన రైలు వచ్చాక, 2023లోనే, కొత్తగా తయారయ్యే వందేభారత్‌లలో మార్పులు చేశారు. వాలే కోణాన్ని 17.31 డిగ్రీల నుంచి 19.37కు పెంచారు. మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది, రెండు డిగ్రీలకు ప్రకటనా అని. 2025 జనవరిలో మన రైలు 20 బోగీలయ్యాక కూర్చుని చూస్తే తేడా ఉన్నమాట నిజం, మెడ పడిపోవడం తగ్గింది. చేతులు కడుక్కునే బేసిన్ లోతు కూడా ఆ 2023 మార్పుల్లోనే పెంచారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, పాతదాంట్లో 130 వేగంలో చేతులు కడిగితే నీళ్ళు చొక్కా ముందుభాగం మీదికి చిమ్మేవి, అదీ సరిగ్గా అందరూ అనుమానంగా చూసేచోట. తడి చొక్కాతో నడవాలో నడిచొచ్చినవాళ్ళకు తెలుస్తుంది ఆ లోతు విలువ. మన దగ్గర తయారయ్యే వస్తువు గురించి నాకు నచ్చింది ఇదే: జనం తిట్టింది విని తర్వాతిదాంట్లో సరిచేశారు. విదేశం నుంచి కొని తెచ్చినదైతే ఆ బేసిన్ ముప్ఫై ఏళ్ళు అలాగే ఉండేది.

భోజనం విషయంలో అంత ఓపిక లేదు నాకు. ఎవరు వండి సరఫరా చేస్తున్నారో పేరు అనవసరం, కాంట్రాక్టు మారినట్టు రుచి మారుతుంటుంది. సాయంత్రం చిరుతిండి, పొడి కలుపుకునే టీ బాగానే ఉంటాయి. రాత్రి భోజనం మూత తీస్తే ఒక గడిలో గడ్డకట్టిన అన్నం, ఒక గడిలో పప్పు, ఇంకో గడిలో ఎర్రటి పనీర్. తెలుగు రాష్ట్రాల మధ్య తిరిగే రైల్లో ఒక గోంగూర పచ్చడి పొట్లం పెడితే ఎవరి సొమ్ము పోతుంది? ఒకసారి పప్పు పులిసిన వాసన వచ్చింది, చెబితే కుర్రాడు తీసుకెళ్ళి ఇంకోటి తెచ్చాడు, అదీ అదే వాసన. ఆ తర్వాత నుంచి భోజనం వద్దని టిక్కు పెట్టి టికెట్ కొంటున్నాను, ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. ఇంటి నుంచి పులిహోర.

తలుపుల గురించి హెచ్చరిక: మూసుకుంటే ఇక మీరెవరైనా సరే తెరుచుకోవు. రైలు మొదలైన వారంలోనే మా రాజమండ్రిలో సెల్ఫీ కోసం లోపలికెక్కిన ఒకాయన విజయవాడ దాకా వెళ్ళాల్సి వచ్చింది, ఊరంతా నవ్వుకుంది. నవ్విన నేనే మరుసటి ఏడాది మా మావయ్య బ్యాగు పైన పెట్టడానికి ఎక్కి, గంట మోగగానే గెంతేశాను. సాగనంపడానికి వచ్చినవాళ్ళు కిటికీ బయటే ఉండి చెయ్యి ఊపితే మంచిది.

కొత్తల్లో రాళ్ళు వేసేవాళ్ళ బెడద ఉండేది. ప్రారంభానికి ముందే విశాఖ కంచరపాలెంలో అద్దాలు పగిలాయి, తర్వాత ఖమ్మం–విజయవాడ మధ్య మళ్ళీ. నేనున్నప్పుడు ఒక్కసారే ఠప్‌మని చప్పుడైంది, అద్దం మీద సాలెగూడులా పగుళ్ళు. ఈ మధ్య వినలేదు. ఈ బండికి వారపు సెలవు మొదట ఆదివారం ఉండేది. శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చే మాలాంటి వాళ్ళకు అంతకంటే పనికిరాని ఏర్పాటు ఉండదు. తర్వాత మంగళవారానికి మార్చారు. పొద్దున అయిదింటికి సికింద్రాబాద్‌లో బయల్దేరే రెండో విశాఖ వందేభారత్ 2024 మార్చిలో వచ్చింది గానీ, నాలుగింటికి తార్నాకలో క్యాబ్ వెతుక్కునే ఓపిక నాకు లేదు.

రాబోయేవాటి గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి నాకు అర్థమైంది చెబుతాను. 280 కిలోమీటర్ల డిజైన్ వేగంతో ఎనిమిదేసి బోగీల రెండు రైళ్ళు తయారుచేసే పని 2024 అక్టోబరులో బెంగళూరులోని ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్‌కు దక్కింది, విలువ 866.87 కోట్లు. అంటే ఒక్కో బోగీకి 27.86 కోట్లు, మిగతాది డిజైన్ ఖర్చులూ అవీ. ఒక బోగీ ఖర్చు నాలుగింతలైతే మొదటి ట్రైన్–18 మొత్తం వచ్చేస్తుంది! అవి ముంబై–అహ్మదాబాద్ కోసం వేస్తున్న 508 కిలోమీటర్ల విడి లైను మీద తిరగాల్సినవి. బండి చేయడం మనవాళ్ళకు వచ్చు, పెరంబూరు అది చూపించింది. కానీ ఆ రైలును తెచ్చి రేపు మా కాజీపేట పట్టాల మీద పెట్టినా, తెర మీద కనిపించేది 130 చుట్టూతానే. సికింద్రాబాద్–విజయవాడ మధ్య గూడ్సు బండ్లకు విడి లైన్లు, మలుపులు సరిచేసిన దారి వస్తే ఇప్పుడున్న ఈ వందేభారత్‌తోనే గంట తగ్గుతుందని నా అంచనా. నన్నడిగితే ముందు ఆ డబ్బు పట్టాల మీద పెట్టమంటాను. ఎవరూ అడగలేదనుకోండి.

పోయినేడు అమ్మను నాతో హైదరాబాద్ తీసుకొచ్చాను. పొద్దున ఎనిమిదికి రాజమండ్రిలో ఎక్కాం. బండి కదిలి గోదావరి వంతెన మీదికి రాగానే, అలవాటు కొద్దీ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది. కిటికీ వైపు తిరిగి అద్దాన్ని తడిమింది. "ఒరేయ్, ఇది ఎటు తెరుచుకుంటుందిరా?" తెరుచుకోదమ్మా అన్నాను. "అయితే గోదారమ్మకి ఎలా వెయ్యాలి?" దానికి నా దగ్గర జవాబు లేదు. కింద నీళ్ళు, మధ్యలో లంకలు, పొద్దుటి ఎండ, రెండు నిమిషాల్లో అవతలి గట్టు వచ్చేసింది. రూపాయి అరచేతిలో పట్టుకుని కొవ్వూరు దాకా బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత దాన్ని నా చొక్కా జేబులో వేసి, "వచ్చే నెల వస్తావుగా, పుష్కర ఘాట్‌కి వెళ్ళి వేసిరా" అంది.

వచ్చే నెల రెండో శుక్రవారానికి టికెట్ తీశాను. సి–6, కిటికీ సీటు. ఎటు చూస్తుందో మాత్రం ఎక్కితే గానీ తెలియదు.