కూపర్స్‌టౌన్ వెళ్లే ముందు ఒక పిచర్‌ని ఎంచుకోండి

మావాడు పిల్లల బేస్‌బాల్ పోటీలైన లిటిల్ లీగ్‌లో పిచర్, అంటే మన బౌలర్‌లా బంతి విసిరేవాడు. వాడి పోరు పడలేక న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో, మేటి ఆటగాళ్లని ఓట్లతో ఎంచి చేర్చుకునే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాం. న్యూజెర్సీలో మా ఇంటి నుంచి కారులో నాలుగు గంటల దారి. రెండు వేల జనాభా కూడా లేని ఊళ్లో 1939లో తెరిచిన మ్యూజియం అది. టికెట్ పెద్దవాళ్లకి 30 డాలర్ల దాకా ఉంటుంది.

పై అంతస్తుల్లో పాత జెర్సీలు, బ్యాట్లు, పాతకాలపు దిగ్గజం బేబ్ రూత్ సామాన్లు చాలా ఉన్నాయి. బేస్‌బాల్ మీద పిచ్చి ఉన్నవాళ్లకి రోజంతా చాలదు. నాలాంటి క్రికెట్ మనిషికి గంటలో కాళ్లు లాగుతాయి. నేను ఐదు స్టార్లు ఇస్తున్నది కింద ఉన్న ఫలకాల హాలుకి. చెక్క గోడల నిండా కంచు ఫలకాలు, ఒక్కో దాని మీద ఒక ఆటగాడి ముఖం, కింద నాలుగైదు వాక్యాలు. ఊరికే నడుచుకుంటూ పోతే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకరి కథ తెలుసుకుని వెళ్తే మాత్రం అక్కడి నుంచి కదలబుద్ధి కాదు.

మావాడు ఎంచుకున్నది బిల్లీ వాగ్నర్‌ని. 2025లో హాల్‌లోకి వచ్చినవాళ్లలో ఒకడు. జనమంతా అదే ఏడాది వచ్చిన జపాన్ స్టార్ ఇచిరో ముందు ఫొటోలు దిగుతుంటే, వాగ్నర్ దగ్గర మేమే ఉన్నాం.

వాగ్నర్ పుట్టుకతో కుడిచేతి వాటం. వర్జీనియాలో పేద ఇంట్లో పెరిగాడు. చిన్నప్పుడు కుడి చెయ్యి రెండుసార్లు విరిగింది. ఆట మానుకోలేక ఎడమచేత్తో విసరడం నేర్చుకున్నాడు. ఎడమచేత్తో ఏదైనా అందిస్తే వీపు పగిలే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. ఆ ఎడమచేత్తోనే ఇతను గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వేశాడు. పైగా ఎత్తు ఐదడుగుల పదంగుళాలే, పిచర్లలో అది పొట్టి కిందే లెక్క.

చేసే పని క్లోజర్. మన డెత్ ఓవర్ల బౌలర్ అనుకోండి. బేస్‌బాల్‌లో ముగ్గురు అవుటైతే జట్టు ఇన్నింగ్స్ అయిపోతుంది, మ్యాచ్‌కి అలాంటివి తొమ్మిది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జట్టు ఒకటి రెండు పరుగుల ముందు ఉన్నప్పుడు దిగి, ముగ్గుర్ని అవుట్ చేసి మ్యాచ్ ముగించాలి. అలా 422 మ్యాచ్‌లు కాపాడాడు. కెరీర్ మొత్తంలో వేసిన 903 ఇన్నింగ్స్‌లో 1,196 స్ట్రైకౌట్లు, అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం. 37 ఏళ్ల వయసులో మోచేతికి ఆపరేషన్ అయినా తిరిగి వచ్చాడు. 2010లో అట్లాంటా జట్టుకి ఆడిన ఆఖరి సీజన్లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఒకటిన్నర పరుగు కూడా ఇవ్వలేదు. ఇంకా వేయగల సత్తా ఉండగానే ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ 903 దగ్గరే పేచీ వచ్చింది. మ్యాచ్ మొదటి నుంచి వేసే మంచి పిచర్ (స్టార్టర్) అయితే అన్ని ఇన్నింగ్స్ నాలుగైదేళ్లలో వేసేస్తాడు. ఇంత తక్కువ వేసినవాడికి హాల్‌లో చోటేంటని, ఎవరిని చేర్చుకోవాలో ఓటేసే బేస్‌బాల్ విలేకరుల్లో చాలామంది అభిప్రాయం. నెగ్గాలంటే 75 శాతం ఓట్లు రావాలి. 2016లో వాగ్నర్‌కి వచ్చింది 10.5. 2024లో ఐదు ఓట్ల తేడాతో పోయింది. మొత్తం పదిసార్లే అవకాశం కాబట్టి 2025 ఆఖరిది. ఈసారి 82.5 శాతం వచ్చింది. నన్నడిగితే పదేళ్లు తిప్పడం అన్యాయం. ఆఖరి ముగ్గుర్ని అవుట్ చేయడంలో ఎంత టెన్షన్ ఉంటుందో చేసినవాడికి తెలుస్తుంది, లెక్కలేసేవాడికి కాదు.

"నాన్నా, నేనూ ఎడమచేత్తో ట్రై చేయనా?" అన్నాడు మావాడు. ముందు కుడిచేత్తో స్ట్రైకులు పడనీరా అన్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. ఎండాకాలంలో మెయిన్ స్ట్రీట్‌లో పార్కింగ్ దొరకడం కష్టం, ఊరి బయట కారు పెట్టి ట్రాలీ ఎక్కండి. జూలై చివర్లో కొత్తవాళ్లని చేర్చుకునే వేడుక ఉంటుంది, ఆ వారాంతం రూములు దొరకవు. ఇంకొకటి, ఆ వీధిలో ఒక షాపులో వాగ్నర్ బొమ్మున్న బేస్‌బాల్ కార్డుకి ఫ్రేమ్ కట్టి అమ్ముతుంటే మావాడు పట్టుబట్టాడు. కొన్నాక కార్లో కూర్చుని ఫోన్లో చూస్తే అదే కార్డు సగం ధరకుంది. మ్యూజియం చూడండి, కార్డులు మాత్రం ఇంటికొచ్చి కొనుక్కోండి.