సముద్రపు గుర్రాల ట్యాంకు: కొన్నేళ్ల వాడకం తర్వాత

అక్వేరియం కొనేవాళ్లు ముందు అడిగేది ఎన్ని లీటర్లు అని. సముద్రపు గుర్రాలకైతే ముందు ఎత్తు చూడాలి. ఇవి నిలువుగా ఈదే చేపలు. జత కట్టేటప్పుడు ఆడ, మగ రెండూ కలిసి పైకి లేస్తాయి, ఆ కాసేపట్లోనే ఆడది తన గుడ్లను మగదాని పొట్ట సంచిలోకి వదలాలి. ఎత్తు చాలకపోతే గుడ్లు అడుగున రాలిపోతాయి. తోక చాపి కొలిచిన పొడవుకు కనీసం మూడు రెట్ల లోతు నీరు కావాలన్నది పెంపకందారుల లెక్క. నా దగ్గరున్నది హిప్పోకాంపస్ ఎరెక్టస్ అనే రకం సముద్రపు గుర్రాల జంట, ట్యాంకు ఎత్తు 60 సెంటీమీటర్లు. ఇంకోలా కొనుంటే బాగుండేదని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు.

సామగ్రిలో నేను పూర్తి మార్కులు వేసేది నీటిని చల్లబరిచే చిల్లర్‌కే. నీరు 22 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. అది దాటి వెచ్చబడితే విబ్రియో జాతి బ్యాక్టీరియా రెచ్చిపోతుంది, తోక చివర తెల్లబడి చర్మం ఊడుతుంది. చిల్లర్ మోత చేస్తుంది, వేడిగాలిని గదిలోకే వదులుతుంది, పడకగదిలో దాన్ని భరించలేం. అయినా అది లేకుండా ఈ చేపల జోలికి వెళ్లవద్దనే చెబుతాను. హీటర్ కూడా ఉంటే దానికి తప్పకుండా తొడుగు వేయాలి. తోక చుట్టుకోవడానికి ఏది దొరికినా వీటికి ఒకటే, కాలుతున్నా వదలవు.

ఈత రాని చేపలు కాబట్టి నీరు కదలకూడదన్న మాట చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. నీరు నిలిచిన మూలల్లోనే మురికి పేరుకుంటుంది. ప్రవాహం బాగానే ఉంచి, అక్కడక్కడా నెమ్మదైన చోట్లు వదిలితే అవే ఎంచుకుంటాయి. పంపు నీరు లాగే మూతికి మాత్రం స్పాంజి కట్టాలి.

పట్టుకొమ్మలకు కృత్రిమ పగడాలు చాలు. కౌలెర్పా నాచు అందంగా ఉంటుంది, నైట్రేట్‌నూ పీల్చుకుంటుంది, కానీ ఒక్కోసారి రాత్రికి రాత్రే కరిగి నీటిని పాలలా చేస్తుంది. సీ అనిమోన్లు, పీతలు వద్దు. నత్తలు మంచి తోడు.

అసలు పనంతా మేతలో ఉంది. వీటికి పళ్లు లేవు, జీర్ణాశయమూ లేదు. తిన్నది త్వరగా బయటికి పోతుంది కాబట్టి రోజుకు కనీసం రెండు పూటలు పెట్టాలి. గడ్డకట్టిన మైసిస్ రొయ్యలను కరిగించి, కడిగి, అడుగున పెట్టిన గాజు గిన్నెలో వదులుతాను. మగది గిన్నె అంచుకు తోక చుట్టి, ఒక కన్ను రొయ్య మీద, రెండోది నా మీద పెట్టి చాలాసేపు పరీక్షిస్తుంది. ఉన్నట్టుండి టక్కుమని చప్పుడు, అద్దం బయటికీ వినిపిస్తుంది. రొయ్య మాయం. ఆ వెంటనే మొప్పల్లోంచి నలిగిన మాంసం పొడి పొగలా బయటికొస్తుంది. చూడముచ్చటే, కానీ ఆ పొగే ట్యాంకుకు శత్రువు. నీటిలోని మురికిని నురగతో తీసే స్కిమ్మర్ కొంత లాగుతుంది, మిగిలింది ప్రతి పూటా గొట్టంతో నేనే తీస్తాను. ఇలాంటి మురికి కుళ్లితే పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నా దాటకూడదు. వాటిని హరించే బ్యాక్టీరియా ముందే పెరిగి ఉండాలి. కొత్త ట్యాంకును వారాల తరబడి చేపలు లేకుండానే నడపమనేది అందుకే.

కొంటే పెంపక కేంద్రాల్లో పుట్టినవే కొనండి, మీ దేశంలో చట్టం ఒప్పుకుంటేనే. సముద్రపు గుర్రాల జాతి మొత్తం 2004 నుంచి సైటిస్ (ముప్పులో ఉన్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) వాణిజ్య నియంత్రణలో ఉంది. పైగా సముద్రంలో పట్టినవి చాలావరకు బతికున్న ఎర తప్ప ముట్టవు. పెంపకంలో పుట్టినవి గడ్డకట్టిన మేతకు చిన్నప్పుడే అలవాటు పడతాయి.

మగది వందల పిల్లల్ని కంటుంది. వాటిని బతికించడం వేరే ట్యాంకు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి రొయ్యలు, నిద్రలేని రాత్రులతో కూడిన మరో వ్యవహారం. దాన్ని ఈ సమీక్షలో కలపను.

తరచూ ఊళ్లు తిరిగేవారికి ఈ ట్యాంకు సరిపడదు. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే నేను పూటకొక పొట్లం చొప్పున మైసిస్ విడివిడిగా కట్టి ఫ్రీజర్‌లో పెడతాను. మిగిలిన డబ్బా మాత్రం దాచేస్తాను. జాలిపడి ఇంకాస్త వేసే బంధువును ఏ ఫిల్టరూ తట్టుకోలేదు.